రేపు నువ్వు రావద్దు

టీచర్ ట్రైనింగ్ రెండో ఏడాదిలో మమ్మల్ని నలభై రోజులు బళ్లకి పంపేవాళ్లు. పాఠం చెప్పడం అక్కడే నేర్చుకోవాలి. చివర్లో బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. మాది తెనాలి. నాకు పడిన బడి రేపల్లెలో, స్టేషన్ దగ్గర రైల్వే గేటు దాటి కాలవ గట్టు మీదుగా కాస్త దూరం నడిస్తే వస్తుంది. రెండు గదులు, ఒక వరండా, ఐదు తరగతులు. అందులో మూడో తరగతి నాది. మధ్యాహ్న భోజనం బళ్లలో కొత్తగా మొదలైన రోజులు. పదకొండు దాటితే చాలు, పిల్లల చూపులన్నీ పొయ్యి వైపే ఉండేవి.

నాతో చదివినవాళ్లు ఆ నలభై రోజుల గురించి ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ మాట వస్తే లేచి పక్కకి వెళ్లిపోతాను.

భయం మొదటి రోజు నుంచే ఉంది. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. చదువు తెలుగు మీడియంలోనే, మార్కులూ బాగానే వచ్చేవి. కానీ తరగతి ముందు నిలబడేసరికి ‘ళ’ ఎక్కడ పలకాలో ‘ల’ ఎక్కడ పలకాలో నాలుకకి అనుమానం వచ్చేది. పొద్దున్నే రేపల్లె ప్యాసింజరులో లెసన్ ప్లాన్ ఒళ్లో పెట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చునేదాన్ని. వేమూరులో కూరగాయల గంపతో ఎక్కే ఒకావిడ నన్ను నాలుగు రోజులు చూసి, "ఏం జపమమ్మా అది?" అని అడిగింది. సిగ్గుతో కాగితం మడిచేశాను. ఆవిడ గంపలో కూరగాయలు సర్దుకోవడంలో పడ్డాక మళ్లీ తీశాను.

నాన్న టైలరు. మా ఇంట్లో ఉద్యోగం కోసం చదివిన మొదటి మనిషిని నేనే. ఆ సంగతి నాన్న ఎప్పుడూ నోటితో అనలేదు. చార్టులు నలగకుండా పట్టుకెళ్లడానికి మాత్రం ముదురు నీలం ప్యాంటు గుడ్డతో పొడుగాటి సంచి కుట్టిచ్చాడు. ఆ సంచి భుజాన వేసుకున్నప్పుడల్లా నేను పరీక్ష తప్పితే ఎలా అన్న ఆలోచన కూడా దానితోపాటే భుజానికెక్కేది.

మూడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఎనిమిదేళ్లుంటాయి. నేను రైలు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ నిలబడి ఉండేది. తల నిండా నూనె, రెండు జడలకి రెండు రంగుల రిబ్బన్లు. నన్ను చూడగానే పక్కన చేరి బడిదాకా నడుస్తూ కబుర్లు మొదలుపెట్టేది.

"ఇవాళ మీ ఇంట్లో ఏం కూర టీచర్?"

"దొండకాయ."

"మాకు రొయ్యపొట్టు. మీరు తింటారా రొయ్యపొట్టు?"

"తింటాను."

"మరైతే మా అమ్మని అడిగి తెస్తా."

తెచ్చింది కూడా, కాగితంలో పొట్లం కట్టి. ఆ రోజు తెనాలి వెళ్లేదాకా నా చార్టులన్నీ రొయ్యపొట్టు వాసన వేశాయి.

ఆ పిల్లకి చదువు రాదు. అక్షరాలు సగం వచ్చు, సగం రావు. గుణింతం దగ్గరికి వస్తే కప్పు వైపు చూసేది. కానీ నేను ఏ ప్రశ్న వేసినా ముందు లేచేది ఆ చెయ్యే. ప్రశ్న పూర్తి కాకముందే లేచేది. సరే చెప్పమంటే నిలబడి, "మరేమో టీచర్..." అని మొదలుపెట్టి ఆగిపోయేది. తరగతంతా నవ్వేది. తనూ నవ్వి కూర్చునేది. అవమానపడిన గుర్తు ఎక్కడా ఉండేది కాదు. తర్వాతి ప్రశ్నకి మళ్లీ చెయ్యి లేచేది.

మొదట్లో నాకు ముద్దొచ్చేది. పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆ చెయ్యి చూస్తే భయమేసేది.

పరీక్ష గురువారం అని తెలిశాక, మంగళవారం హెడ్‌మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. బెత్తం పట్టుకోగా ఎవరూ చూడలేదు. మెల్లగా మాట్లాడేవారు.

"పాఠం పిల్లలకి ముందే ఒకసారి చెప్పేశావా అమ్మా?"

"చెప్పానండి."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లండి."

ఆయన నవ్వారు. "పర్వాలేదులే, అందరూ చేసేదే. ఇంకో మాట. ఆ బొత్తిగా రాని ముగ్గురున్నారు చూడు, వాళ్లని ఆ ఒక్కరోజు ఇంటి దగ్గరే ఉండమను. ముఖ్యంగా ఆ చెయ్యెత్తే పిల్ల. నువ్వు పిలవకపోయినా అది లేచి నిలబడుద్ది. ఎగ్జామినర్ కన్ను దాని మీదే పడుద్ది."

"అట్లా చెప్పొచ్చాండి?"

"నీ మంచికే చెబుతున్నా. ఆపైన నీ ఇష్టం."

నా ఇష్టమన్నారు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన గట్టిగా పట్టుబట్టి ఉంటే తప్పంతా ఆయన మీదికి నెట్టేసి ఊరుకునేదాన్ని. నిజానికి ఆ మాట ఆయన నోట రాకముందే నా మనసులో ఉంది. ఎవరైనా అంటే బాగుండునని చూస్తున్నాను, అంతే.

బుధవారం సాయంత్రం బడి వదిలాక, మిగతా ఇద్దరికీ రేపు సెలవని చెప్పాను. ఇద్దరూ మగపిల్లలు, ఎందుకని కూడా అడగకుండా గెంతుకుంటూ పోయారు. ఈ పిల్ల ఎప్పటిలాగే నాతో గేటుదాకా వచ్చింది. దారంతా దాని కబుర్లకి ఊఁ కొట్టాను. అవతల రైలు కూత వినపడ్డాక అన్నాను.

"రేపు నువ్వు రావద్దు."

"సెలవా టీచర్?"

"ఆఁ."

"అందరికీనా?"

"కాదు. నీకు."

నా ముఖంలోకి చూసింది. "మరి ఎప్పుడు రమ్మంటారు?"

రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేస్తోంది. "చెప్తాలే," అని పరిగెత్తాను.

పరీక్ష పాఠం భాగహారం. చింతపిక్కలు కుప్పలుగా పెట్టించి, సమానంగా పంచమన్నాను. ఎగ్జామినర్‌గా వచ్చిన మేడం వెనక కుర్చీలో కూర్చుని, ముక్కు మీదికి జారిన కళ్లజోడులోంచి చూస్తూ ఏదో రాసుకుంటూ ఉంది. నా గొంతు మొదట్లో సన్నగా వచ్చింది. సుద్దముక్క రెండుసార్లు జారిపడింది. కానీ పిల్లలు గడగడా చెప్పేశారు. ఒక పిల్లాడైతే నేను అడగబోయే ప్రశ్నకి కూడా ముందే జవాబు చెప్పాడు. ముందే చెప్పించిన సంగతి బయటపడిపోయిందనుకున్నాను. మేడం తల వంచుకుని రాసుకుంటూనే ఉంది. వెళ్లేటప్పుడు మాత్రం, "పిల్లలు బాగా తయారయ్యారు," అంది. అది మెచ్చుకోలో కాదో తెలియలేదు. మార్కులు బాగానే వేసిందని తర్వాత తెలిసింది.

ఆ రోజు రైల్లో అలసటకి నిద్రపోయాను. అన్ని రోజుల్లో అదొక్కరోజే.

శుక్రవారం గేటు దగ్గర ఆ పిల్ల లేదు. బడిలోనూ లేదు. మగపిల్లలిద్దరూ వచ్చారు. జ్వరమేమో అనుకున్నాను. శనివారమూ రాలేదు. చుట్టాలింటికి వెళ్లి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరినైనా పంపి కనుక్కోవచ్చు, వాళ్ల ఇల్లు కాలవ అవతలే. కనుక్కోలేదు. రికార్డులు పూర్తి చేయాలి, సంతకాలు చేయించుకోవాలి అని పని వెతుక్కున్నాను. ఆదివారం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాను. ‘చెప్తాలే’ అన్న నా మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడు చెప్పాను?

సోమవారం తరగతిలో అడిగాను. వెనక వరసలోంచి ఒక పిల్ల చెప్పింది. "దాన్ని బాపట్ల పంపించేశారు టీచర్. వాళ్ల పెద్దమ్మ పిల్లని ఆడించడానికి."

మధ్యాహ్నం పిల్లలు కంచాల ముందు కూర్చోగానే కాలవ దాటి వాళ్లింటికి పరిగెత్తినట్టే నడిచాను. వాళ్లమ్మ గుమ్మం ముందు చాప మీద రొయ్యపొట్టు ఎండబోస్తోంది. నేను ఎవరో చెప్పకముందే గుర్తుపట్టింది. పీట తెచ్చి వేసింది. ఆ మర్యాదకే నాకు ముఖం చెల్లలేదు.

"పిల్ల బడికి రావడం లేదేంటండి?" అన్నాను. ఏమీ ఎరగనట్టు అడిగాను. అలా అడిగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

"మీరే కదమ్మా రావద్దన్నది? మళ్లీ చెప్తానన్నారంట. గురువారం నీళ్లోసుకుని జడేయించుకుని ఇదిగో ఈ అరుగు మీదే కూకుంది. శుక్రవారమూ అంతే. పోవే అంటే, టీచర్ చెప్పలేదు కదా అంటది. శనివారం కూడా కబురు లేదు. ఇంక బడికి అక్కర్లేదేమో అనుకున్నా. మా అక్క వేటపాలెంలో జీడిపప్పు పనికి పోద్ది, పసిపిల్లని చూసే దిక్కు లేదు. నిన్న వచ్చి తీసుకుపోయింది."

ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. చదువు రాని పిల్లని బడివాళ్లు వద్దనడం ఆవిడకి వింతగా తోచలేదు, అంతే.

"నేను అన్నది ఒక్కరోజుకేనండి," అన్నాను.

"దానికెట్టా తెలుద్దమ్మా?"

బాపట్లలో పెద్దమ్మ వాళ్లిల్లు ఎక్కడో గుర్తులు అడిగి బడికి తిరిగొచ్చాను. హెడ్‌మాస్టారికి జరిగింది చెప్పాను. ఆయన హాజరు పట్టీ తెరిచి, ఆ పిల్ల పేరు ఎదురుగా గడుల్లో వరసగా హాజరు వేసేశారు.

"పేరు పోకుండా నేను చూస్తాలే. నువ్వు వెళ్లేదానివి. ఇవన్నీ మనసుకి పట్టించుకుంటే ఉద్యోగం చెయ్యలేవు."

ఆ సాయంత్రం నాన్న మిషను ముందు కూర్చుని జాకెట్టుకి చేతికుట్టు వేస్తుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఉర్దూలో చెప్పాను. ఏడుపు ఆ భాషలోనే వచ్చింది. నాన్న సూది ఆపలేదు. అంతా విన్నాక పళ్లతో దారం తెంపి అడిగాడు.

"బాపట్ల బండి పొద్దున ఎన్నింటికి?"

"రేపు బడికి పోకపోతే హాజరు పోతుంది నాన్నా."

"ఆ పిల్లకి పోలేదా?"

మంగళవారం కడుపునొప్పి అని సెలవు చీటీ రాసి, రేపల్లెలోనే ఇంకో బళ్లో ట్రైనింగ్ చేస్తున్న స్నేహితురాలి చేతికిచ్చాను. అది ఇంకో అబద్ధం. నాన్నా నేనూ బాపట్ల వెళ్లాం. ఒక గంట ప్రయాణం కూడా కాదు, కానీ నాకు దారి తెగలేదు. ఆ పెద్దమ్మ తలుపేసేస్తే? పిల్ల ముఖం తిప్పేసుకుంటే? వాళ్లు కాలేజీకి వచ్చి చెబితే? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చివరి భయం మిగతా రెండింటికన్నా పెద్దది.

స్టేషన్ దగ్గర జీడిపప్పు పనికి పోయే ఆవిడ ఇల్లని అడిగితే, ఒకరు కాదు, నలుగురైదుగురున్నారన్నారు. మూడో ఇంటి దగ్గర దొరికింది. తాటాకు వసారా, లోపల దూలానికి చీర ఉయ్యాల. ఉయ్యాల తాడు పట్టుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. రిబ్బన్లు లేవు. నన్ను చూసి లేవలేదు.

"మెల్లగా టీచర్. ఇప్పుడే పడుకుంది."

గడప దగ్గర కూర్చున్నాను. నాన్న బయట ఎండలో నిలబడ్డాడు.

"బడికి ఎందుకు రావడం లేదమ్మా?" గొణిగినట్టు అడిగాను.

"మీరు చెప్పలేదు కదా."

ఉయ్యాల రెండుసార్లు ఊపి తనే అడిగింది. "మీరు పాసయ్యారా టీచర్?"

"ఏంటి?"

"పరీక్ష. నేను చెయ్యెత్తుతానని కదా రావద్దన్నారు? అందరికీ తెలుసు."

ఎనిమిదేళ్ల పిల్ల. అంతా తెలిసి, మూడు రోజులు అరుగు మీద కూర్చుంది. తెలియదనుకుని నేను రైలు వైపు పరిగెత్తాను.

"తప్పు చేశాను," అన్నాను. "నిన్ను రావద్దనకుండా ఉండాల్సింది. రేపే వచ్చెయ్. నేను పిలవడానికే వచ్చాను."

"చెల్లిని ఎవరు చూస్తారు?"

పెద్దమ్మ వచ్చేదాకా ఉందామన్నాడు నాన్న. మధ్యాహ్నమంతా ఆ వసారాలో కూర్చున్నాం. ఆ పిల్ల గంజి కాచింది. పసిపాప లేస్తే ఎత్తుకుని తిప్పింది. నేను సంచిలోంచి పలక తీసి అక్షరాలు రాయించబోతే, "ఇప్పుడొద్దు టీచర్, పని ఉంది," అంది. పెద్దవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. జీడిగింజల జిడ్డుకి వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. సంగతి విని నన్ను కిందికీ పైకీ చూసింది.

"రావద్దన్నదీ మీరే, రమ్మంటున్నదీ మీరే. ఇప్పుడు మీరు తీసుకుపోతే రేపు నా బిడ్డని ఎవరు చూడాల? మీరుంటారా?"

నేను నేల చూశాను. నాన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"తప్పు మా అమ్మాయిదేనమ్మా. ఒప్పుకోడానికే వచ్చాం. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే పంపండి. కానీ పంపండి. పిల్ల పేరు ఇంకా బడిలోనే ఉంది."

ఆవిడ నీళ్ల కుండ దగ్గరికి వెళ్లి చేతులు తోముకుంది. చివరికి, "మా అత్త ఊరెళ్లింది. వచ్చినాక చూస్తా," అంది. ఎప్పుడొస్తుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మేం బయల్దేరుతుంటే ఆ పిల్ల పాపని చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది కానీ వీధి చివరిదాకా రాలేదు.

నాకు బడిలో మిగిలింది నాలుగు రోజులు. ప్రతి పొద్దునా గేటు దగ్గర అటూ ఇటూ చూసేదాన్ని. రాలేదు. శనివారం పిల్లలు నాకు బంతిపూల దండ వేసి పంపించారు. ఆ దండ మెడలో ఉంటే ఎవరో పట్టుకుని నిలదీస్తున్నట్టే ఉంది. స్టేషన్‌కి వచ్చేలోపే తీసేశాను.

ఆ తర్వాత నెలన్నర ఏ కబురూ లేదు. ఇంట్లో సెల్‌ఫోను లేదు. హెడ్‌మాస్టారికి కార్డు రాశాను, జవాబు రాలేదు. కాలేజీలో ఎవరైనా ఆఫీసు నుంచి నా పేరు పిలిస్తే, వాళ్లు వచ్చి చెప్పేశారేమో అనుకునేదాన్ని. థియరీ పేపర్లలో పిల్లల హక్కుల మీద ప్రశ్న వస్తే మూడు పేజీలు రాశాను. రాస్తున్నంతసేపూ చెయ్యి వేరే ఎవరిదో అనిపించింది.

పరీక్షలైపోయిన మర్నాడే రేపల్లె వెళ్లాను. ఈసారి ఒక్కదాన్నే. బడి దగ్గరికి వెళ్లేసరికి పిల్లలు అన్నాలు తింటున్నారు. వరండా చివర్లో ఆ పిల్ల కనపడింది. స్తంభం పక్కనే ఆగిపోయాను.

హెడ్‌మాస్టారు చెప్పారు. పెద్దమ్మగారి అత్త తిరిగొచ్చాక, మూడు వారాలకి పంపించారట. ఇన్నాళ్లూ వేసిన దొంగ హాజరు వల్లే పేరు కొట్టేయకుండా నిలిచిందన్నారు. ఆ రోజు నేను లోపల్లోపల అసహ్యించుకున్న పని అది. దణ్ణం పెట్టాను. "కార్డు వచ్చింది, రాద్దామనుకుంటూనే మర్చిపోయానమ్మా," అన్నారాయన.

ఆ పిల్ల కంచం కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"బాగున్నారా టీచర్?"

"బాగున్నాను. నువ్వు?"

"బాగున్నా." చేతులు గౌనుకి తుడుచుకుంది. అవతల పిల్లలు తొక్కుడుబిళ్లకి గళ్లు గీస్తున్నారు. అటు చూస్తోంది. "పోనా టీచర్?"

"పో."

పోయింది. కూర గురించి అడగలేదు. నేను బయల్దేరేటప్పుడు ఆటలో ఉంది, ఒంటికాలి మీద నిలబడి ఉంది కాబట్టి పిలవలేదు. అప్పటికది నవ్వుతూనే ఉంది. నాకు అంతకన్నా కావలసింది లేదని కాలవ గట్టు పొడుగునా చెప్పుకుంటూ నడిచాను. తెనాలి బండి ఎక్కి కూర్చున్నాక కూడా చెప్పుకుంటూనే ఉన్నాను.